తేడా సున్నా

నమోదు 1
పెండింగ్ మామూలు. తేడా సున్నా. వేగం మామూలు.

ఇన్నాళ్ళూ ఈ ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. కొత్తగా వచ్చిన సూపర్‌వైజరమ్మ అలా కుదరదంది. ఇకమీదట కాగితం మీద రాయాలట. చెవి వెనక జ్ఞాపకాల గింజలో దాచుకున్నది లెక్కలోకి రాదట. "తూకపు రాయిని సరుకుతో కలిపి తూస్తారేటి ఎవరైనా?" అంది. మాట బాగుంది, కాగితమే బాగోలేదు. అరటినారతో చేసింది, సిరా పాకుతుంది. ఏం రాయాలమ్మా అంటే, చూసింది చూసినట్టు రాయి, ఇల్లూ వాకిలీ కూడా రాయి, కౌంటర్లు చూసే మనిషి ఎలా ఉందో కూడా మాకు తెలియాలి అంది. అడిగారు కాబట్టి రాస్తున్నాను. తర్వాత ఎక్కువైందని అనకూడదు.

వలగుట్ట మూడో వార్డులో మూడొందల పైచిలుకు జంటలున్నాయి. మొగుడి గింజలోంచి పెళ్ళాం గింజలోకి, అటునుంచి ఇటు, ఇంకా చేరాల్సిన రాతలెన్నో చెప్పేది పెండింగ్. రెండు గింజల మధ్యా కలవని ముక్కలెన్నో చెప్పేది తేడా. ఎంత చురుగ్గా కలుస్తున్నాయో చెప్పేది వేగం. తేడా సున్నా ఉంటే ఆ కాపురానికి ఢోకా లేదని లెక్క. ఊళ్ళో ఆడపిల్లకి సంబంధం కుదిరితే "తేడా సున్నా కావాలి తల్లీ" అనే దీవిస్తారు.

ఎవరి జంట కౌంటర్లు వాళ్ళు చూసుకోకూడదు. సరిచూపు గదిలో ఇద్దరమే ఉంటాం, నేనూ గురువులు మావయ్యా. నా జంటని ఆయన చూస్తాడు, ఆయన జంటని నేను చూస్తాను. ప్రతి శనివారం దీపాల వేళకి వాళ్ళ పెండింగ్ ఎగురుతుంది. అంటే సన్యాసమ్మత్తతో దెబ్బలాట అయిపోయింది, ఇద్దరూ పక్కపక్కన కూచుని ఆ గొడవని గింజల్లోంచి చెరిపి దించుకుంటున్నారు అని అర్థం. ఆదివారం కొత్త దంపతుల్లా సంతకొస్తారు. దేనికి తిట్టుకున్నారో వాళ్ళకే తెలీదు.

దించుకోవాలంటే ఇద్దరూ కలిసే దించుకోవాలి, అది మా ఊరి పద్ధతి. ఒక్కరే దించుకుంటే రెండోవాళ్ళ దగ్గర ఉండిపోతుంది, మళ్ళీ అదే గొడవ మొదలవుతుంది అని పెద్దవాళ్ళ మాట. ఒకసారి పిడుగు పడి గురువులు మావయ్య గింజ మాడిపోతే అత్త గింజలోంచే మొత్తం కాపురాన్ని తిరిగి నింపారు. ఆనాటి నుంచీ ఆయనకి ధైర్యం. "నా దగ్గర లేకపోతే మీ అత్త దగ్గరుంటాది" అంటాడు, తాళంచెవి పోయినా అదే మాట.

నమోదు 2
పెండింగ్ మామూలు. తేడా సున్నా.

పొద్దున మంచు నీళ్ళు పట్టే వలల కింద తొట్లు సగమే నిండాయి. నీళ్ళ కోసం వరసలో నిలబడి చెవి వెనక గింజ తుడుచుకున్నాను, చెమ్మకి పాచి పడుతోంది. అది కాస్తా చెడిపోతే ఏముందిక మనిషి దగ్గర? మరుపు జ్వరం తర్వాత పుట్టిన ఎవరి బుర్రలోనూ ఒక్క రాత్రి దాటి ఏదీ నిలవదు. గింజలో పడిందే జ్ఞాపకం.

ఇంటి సంగతి రాయమన్నారు కదా. నా పేరు పైడమ్మ. మా ఆయన అసిరినాయుడు, నాకు మేనబావ. గుట్ట అంచున వలలు కడతాడు. ఇంట్లో ఒక మేక ఉంది.

ఒక కూతురుండేది. తవిటమ్మ. దానికి ముందు ఇద్దరు పుట్టీ పుట్టకుండానే పోతే, ఇది పుట్టగానే పక్కింటి సీతాలు చేతిలో పెట్టి, చేటెడు తవుడు ఇచ్చి మళ్ళీ కొనుక్కున్నాం. తవుడికి వచ్చిన పిల్ల అంటే చావుకి చవగ్గా కనిపిస్తుందని, పట్టించుకోకుండా పోతుందని. ఏడేళ్ళు పట్టించుకోలేదు. పోయిన వానాకాలంలో వాళ్ళయ్యకి అంబలి పట్టుకెళ్ళి, అంచు దగ్గర గాలికి లేచిన వలతో పాటు పడిపోయింది.

బిడ్డ పోయిన ఏడాది లోపు ఆ తల్లిదండ్రుల ముందు బిడ్డ పేరు ఎత్తకూడదు. అందుకని ఊరంతా నోరు కట్టుకుని ఉంది. నేను ఎవరితోనూ అనలేను కాబట్టి ఇక్కడ రాస్తాను. మేకకి పంతులు అని పేరు పెట్టింది తవిటే. గడ్డం ఉందనొకటి, ఇది ఎక్కాలు ఒప్పజెబుతుంటే నెమరేస్తూ తలాడించేదనొకటి. తప్పు చెప్పినా తలాడించేది, అందుకే ఆ పంతులంటే దానికంత ఇష్టం. ముందు పన్ను ఊడి మాటల మధ్య ఈల వచ్చేది. చల్లారిపోయిన అంబలిని కూడా ఊదుకుని తాగేది.

కాగితం ఇక్కడ తడిసింది. సిరా తప్పు కాదు.

నమోదు 3
పెండింగ్: ఒక జంటకి సాయంత్రాలు ఎక్కువ. తేడా సున్నా.

ఆ ఒక జంట మాదే. ఇవాళ గురువులు మావయ్య గొంతు సవరించుకుని అడిగాడు.

"ఏటే పైడమ్మా, రోజూ దీపాల ఏళకి మీ పెండింగ్ ఎగురుతంది. అల్లుడూ నువ్వూ రోజూ దెబ్బలాడుకుంటన్నారేటి?"

"ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ మాట. మా ఇంట్లో మాటే నేదు, ఇంక దెబ్బలాటెక్కడిది మావయ్యా?"

"మరేటా రాతలు?"

"గాలిలో చెమ్మ. తీగ కారతాదేమో చూడు."

చూశాడు, తీగ బాగానే ఉందన్నాడు. పొద్దుటికల్లా తేడా సున్నాకి వచ్చేస్తోంది కాబట్టి భయం లేదు అన్నాడు. నేనూ అదే అన్నాను. నా ఉద్యోగంలో నేర్చుకున్నది అదొక్కటే మరి.

ఇంట్లో మాట లేదని రాశాను, అది మాత్రం నిజం. బావ పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని, పెరట్లో గట్టు మీద కూచుంటాడు. చెవి వెనక చెయ్యి పెట్టుకుని అలా ఉండిపోతాడు. చెవిపోటేమో అని మొదట్లో వెల్లుల్లి నూనె వెచ్చబెట్టి ఇచ్చాను. వద్దన్నాడు. అన్నం పెడితే తింటాడు. ఈ మధ్య కాస్త తేలిగ్గా ఉన్నాడు, నిద్ర కూడా పడుతోంది. నాకూ ఈ మధ్య ఏడుపు తగ్గింది. కాలమే మందు అంటారు, నిజమేనేమో.

నమోదు 4
తేడా సున్నా.

పక్కింటి సీతాలు దడి మీంచి చోడి గడ్డి వేస్తూ మా మేకని "ఓరి పంతులూ, ఇటు రారా" అని పిలిచింది.

"మేకకి పంతులేటే? ఏటా పేరు?" అని నవ్వాను.

సీతాలు నవ్వలేదు. నన్ను చూసింది, మేకని చూసింది, నాలిక కరుచుకుంది. "నోరు జారినాను వదినా, తప్పయిపోనాది" అని గడ్డి అక్కడే పడేసి లోపలికి పోయింది.

మేకని పేరు పెట్టి పిలిస్తే తప్పేముంది? దీనికి ఈమధ్య చాదస్తం ఎక్కువైంది.

నమోదు 5
ఇవాళ కౌంటర్లు రాయను.

సూపర్‌వైజరమ్మ వారం కాగితాలన్నీ ఒక దారానికి గుచ్చి ఇమ్మంది. గుచ్చుతూ చదివాను. రెండో నమోదులో మేక సంగతి ఉంది. నా చేతిరాతే, నా సిరా మరకే. చదువుతుంటే ఎవరో ముద్దుగా పెంచుకున్న పిల్ల కబుర్లు వింటున్నట్టుంది. పన్ను ఊడిందా? ఈల వచ్చేదా? అంబలి ఊదుకునేదా? కళ్ళు మూసుకుని గింజంతా వెతికాను. ఒక్కటీ లేదు.

మరుపు జ్వరం తిరగబెట్టిందనుకున్నాను. గురువులు మావయ్య దగ్గరికి పరిగెత్తి మా జంట చూడమన్నాను.

"తేడా సున్నా. పెండింగ్ సున్నా. బెమ్మాండంగా ఉంది. నీకేటైనాది?"

"బెమ్మాండంగా ఉంటే నా కూతురి పన్ను ఏదీ?"

ఆయన పద్ధతి మరిచిపోయి నోరు తెరిచాడు. "తవిటమ్మ పన్ను నీకు గుర్తునేదా? ఈలేసినట్టు మాటాడీది గదే."

ఆయనకి గుర్తుంది. తల్లికి లేదు.

అప్పుడు తట్టింది నాకు. రెండు కుండలూ సమానంగా ఉన్నాయా అని చూస్తాం మేము. రెండింటిలోనూ ఎంతుందని ఏనాడూ చూడలేదు. ఒక కుండలోంచి గరిటెడు తీసేస్తే రెండో కుండలోంచీ గరిటెడు తీసేస్తుంది గింజల్ని కలిపే ఈ అద్దం. రాసినా దానికి రాతే, చెరిపినా రాతే. రెండూ ఖాళీ అయిపోయినా తేడా సున్నానే చూపిస్తుంది. ఊళ్ళో అందరూ ఇద్దరేసి కూచుని దించుకుంటారు కాబట్టి, ఒక్కరు దించుకుంటే ఏమవుతుందో తేల్చి చూసినవాళ్ళే లేరు. రోజంతా కౌంటర్ల ముందు కూచునే నాకు కూడా తోచలేదు. దీపం కిందే చీకటి.

నా వేలిముద్ర పెట్టి, ఇద్దరి గింజల రాతలూ ఉండే మా ఉమ్మడి గది తెరిపించాను. పిల్ల అరలో ఒకే ఒక్క రోజు మిగిలి ఉంది. అది పడిపోయిన రోజు. పనిచోట చావు కాబట్టి విచారణ కోసం వార్డువాళ్ళు దానికి ఏడాది పాటు తాళం వేశారు. ఎవరూ దించలేరు. అందుకే అదొక్కటీ మిగిలింది.

తక్కినవన్నీ సాయంత్రాలు, ఒకటొకటిగా, అవతలి గింజ నుంచి చెరిపినవే. అవతలి గింజ అంటే బావ.

నమోదు 6
ఇంటికెళ్ళి నిలదీసి అడిగాను. వల కొక్కేలకి నూనె రాసుకుంటున్నాడు.

"బావా, తవిటిని దించుకుంటన్నావేటి?"

కొక్కెం కింద పెట్టాడు. బొంకలేదు.

"ఆ ఒక్క రోజే దించుకుందామనుకున్నాను పైడీ. తాళం ఉంది, కదల్నేదు. మరి ఆ రోజుకి ఎన్ని దారులో. అంబలి సూస్తే ఆ రోజే గుర్తొస్తాది, అంబలి దించీసినాను. మేకని సూస్తే గుర్తొస్తాది, అదీ దించీసినాను. నవ్వు కూడా. ఏ దారంట ఎల్లినా ఆ అంచు కాడికే తీసికెల్తంది. దారులన్నీ మూసీసినాను."

"నాతో ఒక్క మాట అనాలని తోచలేదా?"

"నీ దగ్గరుంటాది గదా అనుకున్నాను." చిన్నపిల్లాడిలా ముఖం పెట్టి అన్నాడు. "నాను మొయ్యలేకపోతన్నాను. పైడి గట్టిది, అది మోస్తాది. ఇద్దర్లో ఒకలి దగ్గరుంటే మన తవిటి గుంట ఉన్నట్టే గదా. ఎప్పుడో నాకు ఓపికొస్తే నీ దగ్గర్నించి మల్లీ నింపుకుందామనుకున్నాను."

కుండల సంగతి చెప్పాను. ఒకసారికి ఎక్కలేదు. మళ్ళీ చెప్పాను.

"అయితే నీకు కూడా..."

"దాని నవ్వెలాగుండీదో నాకు తెల్దు బావా."

కొక్కేలన్నీ కాళ్ళ మీద పడేలా లేచాడు. "నా గుంటని నాను రెండోపాలి సంపీసినాను" అని తల గోడకేసి కొట్టుకున్నాడు. సీతాలు మొగుడు దడి దూకి వచ్చి పట్టుకున్నాడు. నేను పట్టుకోలేదు. అది ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే పట్టుకోవాలని కూడా నాకు అనిపించలేదు.

నమోదు 7
పెండింగ్ మామూలు. మా జంటది సున్నా. ఆరు సాయంత్రాలుగా సున్నానే.

బావ ఇప్పుడు పెరట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంటాడు. నేను మాట్లాడ్డం లేదు. అన్నం పెట్టి వచ్చేస్తాను. కోపం తగ్గుతుందని చూస్తుంటే అది పొయ్యిలో నిప్పులా లోలోపల ఉంటోంది.

గోరుచుట్టు మీద రోకటిపోటు ఇంకొకటుంది. వచ్చే నెలతో ఏడాది నిండుతుంది. తాళం వార్డువాళ్ళు తీసేస్తారు. అప్పుడు ఆ రోజు కూడా దించడానికి వీలవుతుంది.

"ఇంక దించనని అసిరి మాటిచ్చినాడు గదే" అన్నాడు గురువులు మావయ్య.

"మాట ఇచ్చినాడు. ఇన్నాళ్ళూ రోజూ చేసిన చెయ్యి మావయ్యా అది. నిద్దట్లో కూడా చెవి కాడికి పోతంది. నాను సూసినాను."

ఆయన సొరుగులోంచి విడుదల కాగితం తీశాడు. రెండు గింజల మధ్య ముడి విప్పితే బావ చెరిపింది నా గింజలోకి రాదు. ఆ రోజు నా దగ్గర భద్రంగా ఉంటుంది. కాకపోతే గింజలు దగ్గర్లో ఉంటే వాటంతటవే మళ్ళీ కలిసిపోతాయి, అందుకని ముడి విప్పుకున్నవాళ్ళు ఒక కప్పు కింద ఉండకూడదు. ఒకరు ఊరు దాటి అవతలి గుట్ట మీద ఉండాలి. బావ ఒక్కడే వెళ్ళి అక్కడి వలల పాకలో ఉండాలి. ఆ రోజుని దించేసుకున్నాడంటే, తనకో కూతురుండేదని కూడా తెలియని మనిషిగా ఉంటాడు. దించకపోతే ఆ ఒక్క రోజుతో ఒంటరిగా ఉంటాడు. రెండిట్లో ఏది నయమో నాకు తెలీదు.

వేలిముద్ర వేశాను. తాళం తీసే రోజు సాయంత్రం నేను ఊఁ అంటే మావయ్య ముడి విప్పేస్తాడు. ఈ ఒక్క సంగతి మాత్రం బావకి చెప్పాను. "మంచిపనే సేసినావు" అన్నాడు, అంతే.

నమోదు 8
తేడా సున్నా. ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఇవాళ సెలవు పెట్టి వీధంతా తిరిగాను. గుమ్మం ముందు నిలబడి "మా తవిటి గురించి ఏటైనా సెప్పండి" అని అడిగాను. ఏడాది నిండకుండా తల్లి నోటంట ఆ పేరు వినేసరికి కొందరు తలుపేసుకున్నారు. ఒక ముసలామె చేటతో దిష్టి తీసింది. బిచ్చానికి వెళ్ళినా ఇంత సిగ్గుండదేమో.

సీతాలు మొదట చెప్పింది, మేక పేరు ఎందుకొచ్చిందో, పన్ను ఎలా ఊడిందో. తవుడు కొలిచిన చేట ఇంకా వాళ్ళింట్లోనే ఉందట, తెచ్చి చూపించింది. చేట నాకు గుర్తు లేదు. "నాకు అమ్మీసినావు గదా ఒకపాలి, సగం నా కూతురే" అని నన్ను పట్టుకుని ఏడ్చింది.

గురువులు మావయ్య చెప్పింది ఇది. బడి లేని రోజున తవిటి నాతో పాటు సరిచూపు గదికి వచ్చి స్టూలెక్కి కూచునేదట. ఒకరోజు కౌంటర్లలో వరసగా సున్నాలు చూసి అడిగిందట. "తాతా, సున్నా అంటే ఏటీ నేదన్నట్టా, అంతా బాగున్నట్టా?"

"నువ్వేటన్నావు?"

"అంతా బాగున్నట్టే తల్లీ అన్నాను" అని కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

విన్నవన్నీ ఈ కాగితం మీద రాసి, సూపర్‌వైజరమ్మకి ఇవ్వని పాత కాగితాలతో పాటు ఇంట్లోనే ఉంచుతున్నాను. గింజలోనూ పడ్డాయి, విన్న మాటలుగా. వాటిలో తవిటి గొంతు లేదు. సీతాలు గొంతుంది, మావయ్య గొంతుంది.

నమోదు 9
రేపు తాళం తీస్తారు. ఇన్నాళ్ళూ ఆ రోజు తెరవడానికి నాకు ధైర్యం చాల్లేదు. తెరిస్తే చివరికి అంచే వస్తుందని తెలుసు. ఇవాళ మధ్యాహ్నం, బావ పనిలో ఉండగా, తలుపు దగ్గరకి వేసుకుని తెరిచాను.

ఆ రోజు అంచు దగ్గర మొదలవలేదు. పొద్దున్నే మొదలైంది.

తవిటి నా పక్కలోంచి లేచి, జడ వేయించుకుంటూ కదిలిపోతోంది. "అమ్మా, నొప్పి" అంది. మాట మధ్య ఈల వచ్చింది. అదీ ఈల! చల్లారిన అంబలి ఊదింది. మేక ముందు నిలబడి ఏడో ఎక్కం తప్పు చెప్పింది, మేక తలాడించింది, ఇది నవ్వింది. ఆ నవ్వుకి ముందు భుజాలు కదులుతాయి, తర్వాత చప్పుడొస్తుంది. నేను వెతుకుతున్నదంతా అక్కడే ఉంది. మేక పేరు మాత్రం ఆ పొద్దున దాని నోట రాలేదు. వస్తుందేమోనని చెవులు రిక్కించి విన్నాను.

తర్వాత ఇల్లు దాటింది. అక్కడినుంచి ఉన్నది బావ కళ్ళు చూసింది. ఉమ్మడి గదిలో పడ్డాక ఎవరు చూసిందైనా ఇద్దరికీ కళ్ళారా చూసినట్టే ఉంటుంది. ఆయన గుంజ మీద ఉన్నాడు. అంబలి ముంత రాతి మీద పెట్టి ఇది పైకి చూసి నవ్వింది. వల తాడు కొస గాలికి కొట్టుకుంటోంది. "అమ్మా తవిటమ్మా, ఆ కొస కూసింత పట్టుకోయే. గట్టిగా పట్టుకో, ఒగ్గకు" అన్నాడు. రెండు చేతులా పట్టుకుంది. గాలికి వల లేచింది. తాడు వదిలేసి ఉంటే రాతి మీదే నిలబడేది. అయ్య ఒగ్గకన్నాడు కాబట్టి ఒగ్గలేదు.

అది నాకు ముందే తెలుసు. విచారణలో చెప్పారు. తెలిసి కూడా బావని ఏనాడూ ఒక మాట అనలేదు, అనకపోవడమే పెద్దరికం అనుకున్నాను. కానీ ఆ తర్వాతది నేను ఇన్నాళ్ళూ చూడలేదు. అదంతట అదే తలపుకి వచ్చిన ప్రతిసారీ అంచు దగ్గరే కళ్ళు తెరిచేసేదాన్ని. ఇవాళ చివరిదాకా చూశాను. తాడు రెండో కొస ఆయన చేతుల్లో ఉంది. గుంజ మీంచి కిందికి ఈడ్చుకొచ్చినా వదల్లేదు. అరచేతులు కోసుకుపోయి తాడు ఎర్రబడింది. దాన్నే చూస్తూ "ఒగ్గకే అమ్మా, ఒగ్గకు" అంటూనే ఉన్నాడు. చివరికి తాడే తెగింది.

సాయంత్రం బావ వచ్చాక అన్నం పెట్టి ఎదురుగా కూచున్నాను. ముద్ద కలుపుతుంటే అరచేతులు చూశాను. ఆ గాట్లు ఏడాదిగా నా ముందే ఉన్నాయి.

"కూరలో ఉప్పు సరిపోయిందా?" అని అడిగాను. నెల తర్వాత మొదటి మాట. తల ఊపాడు. కంచంలోకి కన్నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

నమోదు 10
తాళం తీశారు. వర్షం, వేగం బాగా తక్కువ.

దీపాల వేళకి గురువులు మావయ్య నన్ను తన బల్ల దగ్గరికి పిలిచాడు. నా జంట నేను చూడకూడదన్న నియమం ఆయనే పక్కన పెట్టాడు.

పెండింగ్: ఒకటి.

అవతలి గింజ నుంచి. ఒకే ఒక్క రాత. చెరిపినా రాతే, రాసినా రాతే. ఏమిటన్నది కౌంటర్ చెప్పదు. గది తెరిచి చూసే వేళ లేదు, ఈలోపే అది నాలోకి వచ్చేస్తుంది. వర్షం వల్ల నెమ్మదిగా పాకుతోంది కాబట్టి ముడి విప్పడానికి మాత్రం వ్యవధి ఉంది.

"విప్పీమంటావేటమ్మా?" మావయ్య చెయ్యి మీట మీద ఉంది. "ఊఁ అను. గుంట రోజు దక్కుతాది."

నాకు ఆ పొద్దుటి ఈల వినిపించింది. భుజాలు ముందు కదిలే ఆ నవ్వు కనిపించింది. అది పోతే ఇక నా దగ్గర తవిటి లేదు, సీతాలు చెప్పిన పిల్లే ఉంటుంది. ఊఁ అనడానికి నోరు తెరిచాను.

తాడు కూడా కనిపించింది. ఎర్రబడిన తాడు. తెగేదాకా వదలని చెయ్యి.

"వద్దు మావయ్యా."

"ఆలోచించుకోయే, పైడీ."

"ఆలోచించినాను. వద్దు."

ఒకటి సున్నా అయింది. కళ్ళు మూసుకుని వెతికాను. పొద్దున ఉంది. జడ ఉంది. "అమ్మా, నొప్పి" ఉంది, ఈలతో సహా. అంచు కూడా ఉంది. దాని పక్కన కొత్తగా ఒక ముక్క చేరింది. బావ గొంతు, ఇంట్లో గుడ్డి దీపం ముందు కూచుని నా కాగితాల్లోంచి కూడబలుక్కుని చదువుతున్న గొంతు. "మేక పేరు పంతులు. పేరు పెట్టింది తవిటి."

అది జ్ఞాపకం కాదు. చదువుకుని పెట్టుకున్న మాట. అయినా రెండు కుండల్లోనూ ఉంది.

మావయ్య విడుదల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కాళ్ళు కుదరని బల్ల కింద దూర్చాడు. నేను గోనె నెత్తిన కప్పుకుని వానలో ఇంటికి వచ్చాను. బావ పెరట్లో చూరు కింద నిలబడి మేకకి చోడి గడ్డి పెడుతున్నాడు.

"పంతులూ" అని పిలిచాడు. నా అలికిడి విని వెనక్కి తిరిగాడు. సరిగ్గా అన్నానా అని అడుగుతున్నట్టు నా ముఖంలోకి చూశాడు. "అలగేనా పైడీ, అది పిలిసీది?"

"అలగే బావా" అన్నాను.

నాకూ తెలీదు.